పెర్సిస్ కోళ్లకు మేత వేసిన రోజు

2009 సెప్టెంబరు 27, పెదపాడు

విక్టోరియా పోయాక మొదటి ఆదివారం. చర్చికి వెళ్లలేదు. పాస్టరుగారే వచ్చి ప్రార్థన చేశారు. విక్టోరియాని తీసుకెళ్లింది స్వైన్ ఫ్లూ కదా, ఆయన గడప దాటలేదు. తప్పు పట్టను.

సెప్టెంబరు 29

మా అమ్మాయి పెర్సిస్ ఇంకా సెలవులోనే ఉంది. హైదరాబాదు దగ్గర వ్యాక్సిన్ కంపెనీలో ఉద్యోగం. ఇప్పుడు ఈ ఫ్లూకే టీకా చేస్తున్నారు. వైరస్‌ను కోడిగుడ్లలో పెంచుతారట. గుడ్డు వెనక లైటు పెట్టి, లోపలి పిండం బతికుందో లేదో చూడటం పెర్సిస్ పని.

ఆ టీకా అమ్మ ఉండగానే ఎందుకు రాలేదని అడగబోయి ఆగాను. తనే చెప్పింది. తొందరపడితే కుదరదు నాన్నగారూ, ముందు జంతువులకి, తర్వాత మనుషులకి వేసి చూడాలి అంది. చెబుతూ అన్నం కలుపుతూనే ఉంది. తినలేదు.

అక్టోబరు 1

పెర్సిస్ మేనేజరు ఫోన్ చేశాడు. గుడ్లు చూసే పని తెలిసినవాళ్లు తక్కువ, సోమవారానికి రమ్మన్నాడు. పెర్సిస్ రాజీనామా చేస్తానంటోంది. నాకు టీ పెట్టుకోవడం కూడా రాదట. నిజమే.

అక్టోబరు 3, ఉదయం

కంపెనీలో గుడ్ల గదిలోకి వెళ్లేవాళ్లు బయటి కోళ్లను ముట్టుకోకూడదు. ముట్టుకుంటే వారం దాకా రానివ్వరు. అందుకే పెర్సిస్ వస్తుందంటే విక్టోరియా తన కోళ్లను గంపలో పెట్టి పక్కింటి వెంకటనరసమ్మగారికి ఇచ్చేది. ఎవరింట్లోనైనా పిల్లొస్తే కోడిని కోస్తారు, మీ ఇంట్లో చుట్టరికానికి పంపుతారేంటండీ అని ఆవిడ నవ్వేది. సమాధి చేసిన రోజున ఆవిడే అడక్కుండా వచ్చి కోళ్లను పట్టుకెళ్లింది.

ఇవాళ లేచేసరికి కోళ్లు మా దొడ్లో ఉన్నాయి. పెర్సిస్ నూకలు చల్లుతోంది. చంకలో పెట్ట. ఇంక వారం దాకా రానివ్వరు నాన్నగారూ, ఆ తర్వాత సంగతి చూద్దాం అంది.

సాయంత్రం

నాకు సంతోషం వేసింది. రాయకపోతే అబద్ధం అవుతుంది.

అక్టోబరు 4

కోళ్లన్నిటినీ కైకలూరు తీసుకెళ్లి విక్టోరియా అక్క సారమ్మగారికి ఇచ్చేశాను. కండక్టరు గంపకి టికెట్ కొట్టి, ఇవి దిగేలోపు గుడ్డు పెడితే నాదేనండీ అన్నాడు. బస్సంతా నవ్వారు.

తిరిగొచ్చి దొడ్డి కడిగాను. బ్లీచింగ్ చల్లాను. వారం కాగానే వెళ్లమన్నాను. వంట నేర్చుకుంటానన్నాను.

అవి అమ్మవి, అంది. అంతే.

అక్టోబరు 11

ఏలూరులో రైలెక్కించాను. కిటికీలోంచి చెయ్యి ఊపలేదు. రైలు కదిలాక మాత్రం, పప్పులో ఉప్పు చివర్న వెయ్యమని అరిచింది.

డిసెంబరు 25

కేకు తెచ్చాను. కొయ్యలేదు.

2010 మార్చి 14

పెర్సిస్ ఫోన్. టీకా మనుషులకి వేసి చూస్తున్నారట. అంతకుమించి చెప్పకూడదంది. గొంతు అలసిపోయి ఉంది. గుడ్లలో కొన్ని చచ్చినవి వస్తాయట. ఒక్కోటి పక్కన పెట్టేటప్పుడు ఇప్పటికీ అమ్మ గుర్తొస్తుందట. వచ్చేయనా అని అడగలేదు. వచ్చేయమని నేనూ అనలేదు.

జులై 19

పెర్సిస్ వాళ్ల టీకా ఏలూరు వచ్చింది. ఫ్లూ భయం తగ్గిపోయింది కదా మాస్టారూ, ఇప్పుడెందుకండీ అన్నారు డాక్టరుగారు. వేయించుకున్నాను.

చెయ్యి సలుపుతోంది. నొప్పి రెండు రోజుల్లో పోతుందని పెర్సిస్ చెప్పింది.

పోనక్కర్లేదు.