దండ వేసిన ఫొటో

తెలకపల్లి,
ఆగస్టు 2007

తమ్ముడు శ్రవణ్‌కు,

ఇక్కడ గీత, నేను బాగున్నామని రాస్తే నువ్వు నమ్మవు. అందుకే రాయడం లేదు.

మీ బావ దినాలకు పెట్టే ఫొటోను మీ ఇంట్లో కొత్తగా కొన్న ప్రింటరు మీద తీసిస్తానన్నావు. నేను మాత్రం నాగర్‌కర్నూలు స్టూడియోలో చేయించాను. కోపం తెచ్చుకోకు.

ఆయన నవ్వుతున్న ఫొటో మన దగ్గర ఒక్కటే ఉంది. పుణె పనికి పోయే ముందు జాతరలో నువ్వు తీసింది. అందులో గీతను చంకన ఎత్తుకొని ఉన్నాడు. "బతికున్న పిల్ల ఉంటే ఆ ఫొటోకు దండ ఎట్ల ఏస్తం? పిల్లను తీసెయ్యమను" అంది మా అత్త. నీ ప్రింటరు ఉన్నది ఉన్నట్టే ఇస్తుంది కదా. స్టూడియో ఆయన కంప్యూటరులో పిల్లను చెరిపేసి, వెనక నీలం రంగు వేసి ఇస్తానన్నాడు. సరేనన్నాను.

దినాలు అయిపోయాయి. ఫొటో గోడకెక్కింది. అందులో గీత లేదు గాని, ఆయన చెయ్యి మాత్రం ఎత్తుకున్నట్టే మడిచి ఉంది. వచ్చినవాళ్లెవరూ అది గమనించలేదు.

శ్రవణ్, ఇద్దరూ ఉన్న ఆ అసలు ఫొటోను జర నీ ప్రింటరు మీద తీసి పంపు. దేన్నీ చెరపకు. దానికి దండ వేయను, గీత చేతికిస్తాను. నిన్న పొద్దున పిల్ల గోడ ముందు నిలబడి, ఆ మడిచిన చేతినే చాలాసేపు చూసి అడిగింది.

"అమ్మా, నాయిన నన్ను ఎప్పుడు దింపిండు?"

మీ అక్క