నాలుక చెప్పని బ్యాచ్

జూన్ 4, బుధవారం

నా చదువు మూడో తరగతి. రాత వంకర. ఎవరికీ చెప్పుకోలేని సంగతి కాబట్టి రాస్తున్నాను. నా నాలుక పోయింది.

మాట పోలేదు. రుచి పోయింది. చలికాలంలో జ్వరం వచ్చింది, పోతూ పోతూ దాన్ని పట్టుకుపోయింది. వేరేవాళ్ళకైతే అదో పెద్ద విషయం కాదు. నేను సబ్బు ఫ్యాక్టరీలో నలభై ఏళ్ళుగా పనిచేస్తున్న మనిషిని. అచ్చులో సబ్బు గట్టిపడ్డాక గోరంత ముక్క నాలుక కొసకి తాకిస్తాను. చురుక్కుమంటే నూనెలో పోసిన కాస్టిక్ సోడా ఇంకా మిగిలిందన్నమాట, ముద్ద మళ్ళీ ఉడకాలి. చురుక్కుమనకపోతే, బిళ్ళలుగా కొయ్యండి అంటాను. నేను ఆ మాట అనేదాకా ఎవడూ కత్తి పట్టడు. అందరూ నా నోటివంకే చూస్తుంటారు.

ఐదు నెలలుగా ఏమీ తెలియకుండానే కొయ్యండి అంటున్నాను. వేళ్ళ మధ్య జారుడు చూసి, ముద్ద మెరుపు చూసి, అంతా నా అనుభవమే అని సర్దిచెప్పుకుని.

జూన్ 5

ఇంటావిడ ఈ పూట కూరలో ఉప్పు వేయలేదట. కావాలనే. నేను రెండుసార్లు వడ్డించుకుని బాగుందన్నాను. గరిటె కింద పెట్టి, ఫ్యాక్టరీలో మీరు చెబుతారా నన్ను చెప్పమంటారా అంది. నోరు మూసుకోమన్నాను. నలభై ఆరేళ్ళ కాపురంలో ఎప్పుడు మూసుకుంది గనక.

జూన్ 9, సోమవారం

కొత్తగా కెమిస్టు చేరింది. ఆడపిల్ల, నా మనవరాలి ఈడు. ఒక సీసా, ఒక కాగితాల పుస్తకం తెచ్చింది. ఆ కాగితం ముక్క సబ్బు నీళ్ళలో ముంచితే రంగు మారుతుందట, రంగును బట్టి నంబరట. పిహెచ్ అంటారట. ఏడు అంటే మంచినీళ్ళు. కిందకి దిగితే యాసిడ్, పైకి ఎక్కితే కాస్టిక్ జాతి. సబ్బు తొమ్మిదికీ పదికీ మధ్యన ఉంటే ఒంటికి మంచిదట.

నా నాలుకకి నంబర్లు అక్కర్లేదమ్మా అన్నాను. అందరూ నవ్వారు. ఆ పిల్ల కూడా నవ్వింది. మరి మీ నాలుక సెలవు పెడితే ఎవర్ని అడగాలి తాతగారూ అంది.

తెలిసే అందా? ఊరికే అందిలే.

జూన్ 11

పురిటి ఆస్పత్రి ఆర్డరు. చంటిపిల్లల సబ్బు. ఈసారి నూనె వేరే రకం వచ్చింది. నేను ముక్క తాకించాను. ఏమీ లేదు. ఎప్పటిలాగే ఏమీ లేదు. కొయ్యండి అన్నాను.

ఆ పిల్ల ఆగమని సీసాలోంచి ఒక చుక్క వేసింది. నీళ్ళలాంటి చుక్క సబ్బు మీద పడగానే గులాబీ రంగైంది. కాస్టిక్ మిగిలితేనే ఆ రంగు వస్తుందట. కాగితం ముంచింది. పన్నెండు అంది.

పదికీ పన్నెండుకీ తేడా రెండేగా, దానికింత రాద్ధాంతమా అన్నాను. సీసాలో మందు పాతదై ఉంటుందన్నాను. ఓనరు ఇద్దరి ముఖాలూ చూశాడు. పెద్దాయన మాట ఇన్నేళ్ళలో తప్పలేదమ్మా, కోయించండి అన్నాడు.

గెలిచాను. ఇంటికొచ్చి ఆ సబ్బుతోనే స్నానం చేశాను. పంతానికి రెండుసార్లు రుద్దుకున్నాను.

జూన్ 12, పొద్దున

గోక్కుంటున్నాను. చంకలు, మెడ ఎర్రగా కమిలాయి. చొక్కా తగిలితే మంట. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎటు పోవాలో తెలియదు.

అదే రోజు, సాయంత్రం

టీ వేళప్పుడు ఆ పిల్ల మూడు గ్లాసులు పెట్టింది. మొదటి దాంట్లో కాస్టిక్ నీళ్ళు. కాగితం ముంచితే పదమూడు. అందులోంచి ఒక గరిటె రెండో గ్లాసులో పోసి, తొమ్మిది గరిటెల మంచినీళ్ళు నన్నే కలపమంది. కలిపాను. పన్నెండు. మళ్ళీ ఒక గరిటెకి తొమ్మిది. పదకొండు.

చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. పది రెట్లు పలచన చేస్తే గానీ ఒక్క నంబరు దిగలేదు. రెండే తేడా అన్నానే నిన్న, ఆ రెండంటే వంద రెట్లు. నంబర్లు నాకు రావు గానీ గరిటెలు వచ్చు.

అన్ని నూనెలూ ఒకే కొలత కాస్టిక్ తినవు. ఇది కొత్తవాళ్ళకి నేను చెప్పే మొదటి పాఠం. పాత నూనె కొలతే పోయించాను. నాలుక ఉంటే అక్కడే దొరికేది.

ఆ పిల్ల నా మెడ వంక చూసింది. కాలర్ పైకి లాక్కున్నాను.

జూన్ 13

రేపు పది గంటలకి ఆస్పత్రికి సరుకు బండి.

జూన్ 14, శనివారం

తొమ్మిదికే వెళ్ళాను. పెట్టెలు ఎక్కిస్తున్నారు. ఎక్కించొద్దన్నాను. వినలేదు. బండి తలుపుకి అడ్డం నిలబడి చొక్కా విప్పాను. ముసలాడికి ఎండ దెబ్బ కొట్టిందిరా అన్నాడొకడు. నా తోలే ఇలా అయింది, నిన్న పుట్టిన పిల్లల తోలు ఏమవుతుందిరా అన్నాను. అప్పుడు ఆగారు.

ఓనరు వచ్చాడు. నాకు రుచి పోయి ఐదు నెలలైంది అని చెప్పాను. అందరి ముందూ. మరి ఇన్నాళ్ళూ ఏం రుచి చూశావు పెద్దాయనా అన్నాడు. ఏమీ లేదు, నటించాను అన్నాను. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

ప్రతి బ్యాచ్‌లోంచీ ఒక బిళ్ళ అటకమీద దాచే అలవాటు నాది. ఈ బ్యాచ్ కాక, ఐదు నెలలవీ దించాను. ఇరవై మూడు. ఆ పిల్ల ఒక్కో దానిమీద చుక్క వేస్తుంటే పక్కన నిలబడ్డాను. కుర్చీ ఇస్తే వద్దన్నాను. ఇరవై మూడింటికీ రంగు రాలేదు. అది నా గొప్ప కాదు. అన్నాళ్ళూ నూనె మారకపోవడం.

బండి ఖాళీగా వెళ్ళింది.

జూన్ 17

ఆస్పత్రి బిళ్ళలన్నీ తురిమి, నూనె చేర్చి మళ్ళీ ఉడికించాం. ఉడకబెట్టింది నేనే. ఆ పనికి నాలుక అక్కర్లేదని ఓనరు అన్నాడు. మంచికే అన్నాడో, దెప్పాడో. కాగితం తొమ్మిదిన్నర చూపించింది. కొయ్యండి అని ఆ పిల్ల అంది. గొంతు సరిపోలేదు, ఇంకోసారి అనాల్సి వచ్చింది.

జూన్ 20

ఈ రోజు నా నోటివంక ఎవరూ చూడలేదు. ఇంటికొచ్చి అద్దం ముందు నాలుక బయటపెట్టి చూసుకున్నాను. ఎర్రగా, తడిగా, అందరి నాలుకలాగే ఉంది.