గేటుకు అడ్డంగా కారు

తమ్ముడూ, ఇక్కడ మేమంతా బాగానే ఉన్నాం, బాగా లేనిది కారే. మీదీ అదే మోడల్ గనక వెంటనే తాళం దాచెయ్యి. వెనక చిన్న గుద్దు తగిలినా పెట్రోలు ట్యాంకు పగిలి అంటుకుంటోందట. కంపెనీ ఆఫీసుకెళ్లి మేనేజర్ని నిలదీస్తే "లోపమేం లేదమ్మా, నిశ్చింతగా తిరగండి" అన్నాడు. ఒళ్లు మండిపోయింది. అంతకుముందే వాళ్ల వాచ్‌మన్ "ఈ మోడల్‌ని సెల్లారులో పెట్టనివ్వొద్దన్నారమ్మా" అని నన్ను బయటే ఆపేశాడు! వాళ్ల గోడల పాటి చెయ్యవా మన పిల్లల ప్రాణాలు? ట్యాంకు మార్చేదాకా తియ్యనని గేటుకు అడ్డంగా కారు పెట్టి, బానెట్ మీదే ఈ కార్డు రాస్తున్నాను. మరదల్ని ఆస్పత్రికి బస్సులోనే తీసుకెళ్లు. అమ్మ మోకాలు ఎలా ఉంది? పిల్లలకు నా దీవెనలు.

మీ అక్క

ఇప్పుడే మేనేజరు పరుగున వచ్చి "తీసెయ్యండమ్మా, అంటుకుంటే బిల్డింగంతా పోతుంది" అన్నాడు. "లోపమేం లేదన్నారుగా, నిశ్చింతగా ఉండండి" అన్నాను.