బాపు కథ ఆపిన చోటు

మంగళవారం, మార్చి 1974

ఇవాళ మధ్యాహ్నం ఇస్మాయిల్‌ఖాన్‌పేట గుడి ముందు మా బాపు హరికథ చెప్పాడు. చచ్చిపోయిన కొడుకును ఒళ్ళో పెట్టుకుని తల్లి ఏడ్చే ఘట్టం. సరిగ్గా అప్పుడే ఫ్యాక్టరీ లారీ హారన్ కొట్టింది. రెండో షిఫ్టు వాళ్ళందరితో పాటు నేనూ లేచాను.

చావు దగ్గర కథ ఆపకూడదు. దేవుడు ఆ పిల్లవాణ్ణి బతికించాకే మంగళం పాడాలి. బాపు ఏనాడూ ఈ నియమం తప్పలేదు. ఆ ధీమాతోనే లారీ ఎక్కాను.

రాత్రి ఇంటికొచ్చి అడిగాను, "మంగళం పాడినవా బాపూ?"

"లేదు బిడ్డా. జనం లేస్తే లేవనీ అనుకున్న. నువ్వు సుత లేస్తివి. ఇగ గొంతు రాలే."

గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఒక్క షిఫ్టు పోతే ఏమయ్యేది? ఆ పిల్లవాడు ఇంకా తల్లి ఒళ్ళోనే ఉన్నాడు.