నీ డైరీకి తోలు కవరు

బావా,

నువ్వు పోయి ఏడాది కావస్తోంది. నీ ఎలక్ట్రానిక్ డైరీకున్న రెక్సిన్ కవరు చిరిగిపోయిందని అక్క నన్ను మట్టెవాడకు తరిమింది. తోలు సంచుల దుకాణంవాడు డైరీని తిప్పి తిప్పి చూసి, "ఇదేం సెల్లు కాకా, మీ తాతదా?" అన్నాడు.

"మా బావది. నీకంటె తెలివైంది, జర మర్యాదగ పట్టుకో" అన్నాను.

రెండు కవర్లు చూపాడు. ఒకటి మేడ మీంచి పడేసినా లోపలి వస్తువుకు ఏమీ కాని మందపాటి బర్రె తోలుది, ఇంకొకటి పలుచటి మేక తోలుది. మందపాటిదే ఖాయం చేసి డైరీని అందులో పెట్టించాను. అప్పుడే అది మోగింది. దోమ మూలిగినంత చిన్నగా వినిపించింది. బయటికి తీసి చూస్తే, తెర మీద హమాలీ కొమురయ్య బిడ్డ పుట్టినరోజు అని ఉంది.

ఎనుమాముల యార్డులో మిర్చి బస్తాలు మోసేవాళ్ల పిల్లల పుట్టినరోజులన్నీ నువ్వు ఇందులో ఎక్కించుకుంటుంటే, ఓట్ల లిస్టు రాస్తున్నావా అని ఎగతాళి చేసేవాణ్ణి. పుట్టినరోజున ఫోన్ చేయడం నువ్వు ఒక్క పిల్లకూ మరిచిపోలేదు. నాకు నా పెళ్లిరోజే గుర్తుండదు.

కొమురయ్యకు ఫోన్ చేశాను.

"పెద్దన్న లేడని చెప్పినా బిడ్డ ఇంటలేదు. పొద్దటిసంది ఫోన్ పక్కన్నే కూసున్నది" అన్నాడు.

నీ గొంతు అనుకరించి యార్డునంతా బోల్తా కొట్టించినవాణ్ణి, ఆ పిల్లతో మాత్రం నా గొంతుతోనే మాట్లాడాను.

పలుచటి కవరు తీసుకున్నాను.

"కింద పడితే పలుగుతది కాకా" అన్నాడు దుకాణంవాడు.

"పడనియ్య. మోగుడు నాకు ఇనపడాలె" అన్నాను.