పేరు చెక్కిన అచ్చు

ఫిబ్రవరి 2, 2004, సోమవారం
పుంగనూరు పెళ్లిలో విన్న మాట పన్నెండేళ్లయినా నాకు గొంతు దిగలేదు. కుప్పంలో ఉండే నా బామ్మర్ది పాపయ్య పంక్తిలో అందరూ వింటుండగా అన్నాడు: "మా బావ ఇటికెల బట్టీ అయితే పెట్టినాడు గానీ, ఆయప్ప తలకాయ మాత్రం ఇంకా పచ్చి ఇటికేనప్పా!" అందరూ నవ్వారు. నేను పాయసం వదిలేసి లేచాను. మంచి పాయసం.

ఇక చాలు. మనవరాలు చంద్రిక కాలేజీలో కంప్యూటరు చదువుతోంది. ఇంట్లో కంప్యూటరు ఉంది. నాకు ఏబీసీడీలు వచ్చు. ఉగాదిలోపు నేనే ఒక ప్రోగ్రాము రాసి పాపయ్యకు చూపిస్తాను. రోజూ తెల్లవారి గంటసేపు. ఖాయం!

ఫిబ్రవరి 3
ఉదయం ఆరు. కూర్చున్నాను. మీటల్లో 'ఏ' అక్షరం పక్కన 'బీ' కాకుండా 'ఎస్' పెట్టినవాడెవడు? వాణ్ణి బట్టీలో కూలికి కూడా పెట్టుకోను.
"మట్టి తొక్కే కాళ్లు బల్ల కింద ఊగులాడతాండాయే!" అంది నా భార్య యశోదమ్మ. నేను 'బీ' వెతుక్కుంటున్నాను. చదువుకునేవాణ్ణి.

ఫిబ్రవరి 5
కరెంటు లేదు. నా తప్పు కాదు.

ఫిబ్రవరి 6
కరెంటు ఉంది. నడుము లేదు.

ఫిబ్రవరి 8, ఆదివారం
చంద్రిక జాలిపడింది. "అంతా కొట్టాల్సిన పన్లేదు తాతా. మళ్లీ మళ్లీ రాసేటివి అచ్చుల మాదిరి దాచిపెట్టుకోని ఉండాను. సూడు."
మూడక్షరాలు కొట్టి ఒక మీట నొక్కింది. పది వరుసలు దభీమని పడ్డాయి! ఎవరైనా తప్పు అంకె కొడితే 'తప్పు' అని తెర మీద చెప్పే అచ్చు అట అది.
ఇది నా పనే కదా! అచ్చులో మట్టి కొట్టి బోర్లిస్తే ఇటుక!

ఫిబ్రవరి 9
అచ్చు బాగుంది. పేరు లేదు. మా బట్టీలో ప్రతి అచ్చు అడుగునా 'వెం' అని చెక్కి ఉంటుంది. పేరు లేని ఇటుక ఎవరిదైనా అవుతుంది. చంద్రిక కాలేజీకి పోయాక అచ్చు తెరిచి, 'తప్పు' తీసేసి, ఇంగ్లీషు అక్షరాల్లో ఇలా పెట్టాను: "పాపయ్యా, సూసినావా వెంకటేశులు పని!"
ప్రోగ్రాము దాదాపు అయినట్టే! రెండు రోజులు సెలవు.

ఫిబ్రవరి 12
సెలవు పొడిగించాను.

ఫిబ్రవరి 13, శుక్రవారం
చంద్రిక ఏడుస్తూ వచ్చింది. ఈ రోజు దాని ప్రాజెక్టు పరీక్ష. నిన్న ఆ అచ్చునే హడావిడిగా అన్నిచోట్లా వాడిందట. సుబ్రమణ్యం సారు కావాలనే తప్పు అంకెలు కొట్టాడట.
"ఎన్నిసార్లు కొడితే అన్నిసార్లు పాపయ్యే! 'ఎవరమ్మా ఈయప్ప?' అని సారు అడిగితే క్లాసంతా నగింది. మార్కులు ఇయ్యలే. అచ్చు మారిస్తే ఇటికెలన్నీ మారతాయని నీకు తెలీదా తాతా? నీకు?"
తెలుసు. అందుకే మార్చాను. అది మాత్రం చెప్పలేదు.
"నాతో మాట్లాడొద్దు," అంది.
"పాపయ్య కుప్పంలో కూసోనే నిన్ను మళ్లీ గెలిచినాడు," అంది యశోదమ్మ.
కంప్యూటరు ఇక ముట్టను.

ఫిబ్రవరి 14
కాలేజీకి పోయాను. "సారూ, తప్పు బిడ్డది కాదు. ఆ పాపయ్య నా బామ్మర్ది" అని మొదలుపెట్టి మొత్తం చెప్పాను. పాయసం సంగతి కూడా. సారు కళ్లు తుడుచుకునేంత నవ్వాడు. "గురువారం మళ్లీ చూపించమనండి పెద్దాయనా" అన్నాడు.
ఈ మాట యశోదమ్మతో చెప్పించాను. చంద్రిక కూర్చుని ప్రోగ్రాములోంచి పాపయ్యను ఏరేస్తోంది. నావైపు చూడదు.

ఫిబ్రవరి 15, ఆదివారం
అమ్మా చంద్రికా, నువ్వు చదవాలనే ఈ డైరీ తెరిచి నీ కంప్యూటరు మీద పెట్టాను.
రేపటినుంచి మళ్లీ మొదలు. రోజూ తెల్లవారి గంటసేపు. ఈసారి నీ అచ్చులు వేరు, నావి వేరు. నావాటిలో నేనేం చెక్కినా నువ్వు అడగకూడదు.
నేర్పుతావా, నేర్పవా? గురువారం పరీక్ష అయిపోనీ. శుక్రవారం పొద్దుగూకేలోపు నోరు తెరిచి చెప్పాలి. లేదంటే పుంగనూరు పోయి కంప్యూటరు సెంటరులో చేరతాను. అక్కడి అచ్చులకు ఏమైనా అయితే ఆ పాపం నీదే.

వెంకటేశులు