వెనక గుంజ

ఓబులేశూ,

నువ్వు నన్ను మోసం చేశావు. చనిపోయి నాలుగు నెలలైంది కదా అని వదిలిపెడతానని అనుకోకు. బాగున్నావా అని కూడా అడగను...

కృష్ణ ఒడ్డున, నీళ్లలో పాతిన రెండు గుంజల మధ్య మన తెరచాప పడవ ఇంకా కట్టి ఉంది. ఎన్నాళ్లుంటుందో? 'ఒంటరి ఆడమనిషికి గుంజల మధ్య చోటు ఇవ్వరాదు.' మన చేపల సంఘం నిబంధన. ఎవరో ఆడమనిషి ఒక్కతే కట్టిన పడవ తాడు తెగి మరో రెండిటిని గుద్దిందని, అధ్యక్షుడిగా నువ్వే పెట్టించావు. పుస్తకంలో రాసింది నేను! ఆడవాళ్ల హక్కుల మీద అన్ని కరపత్రాలు రాసిన చెయ్యి... నువ్వు పక్కనే ఉన్నావు కదా, ఆ ఒంటరి ఆడమనిషి ఇంకెవరో అనుకున్నాను.

ఇప్పుడు చోటు వేరేవాళ్లకిస్తారట. చోటు పోతే పడవ రాళ్లకు కొట్టుకుని పగులుతుంది. నేను మా ఊరు కోసిగికి తిరిగిపోయి, వలస కూలీల బస్సెక్కాలి.

అందుకే మొన్న అందరినీ ఒడ్డుకు పిలిచాను. ఒక్కదాన్నే పడవ కట్టి చూపిస్తానన్నాను.

పడవను బయటికి తీసి, మళ్లీ గుంజల దగ్గరకు వస్తూ తెర దించాను. గాలి ముందు పక్క నుంచి ఏటవాలుగా తోస్తోంది. ఇరవై ఏళ్లుగా పడవ ముందు నువ్వు, వెనక నేను... అలవాటైన చెయ్యి వెనక గుంజనే పట్టుకుంది. పడవ ముక్కు గిర్రున తిరిగింది. గుంజను కావలించుకుని ఉండిపోయాను. వదిలితే రాళ్లు. వదలకపోతే తాడు వేయడానికి చెయ్యి లేదు.

"ఏమక్కా, గుంజను పెండ్లి చేసుకుంటాండావా?" అని ఒడ్డున ఎవడో అన్నాడు. అందరూ నవ్వారు.

"గాలొచ్చే పక్క గుంజ ముందు పట్టల్ల మే. ఎనక గుంజ యాడికీ పోదు." నీ మాటే. అంత తెలిసినవాడివి, ముందు తాడు ఒక్కరోజైనా నా చేతికిచ్చావా? "నీకెందుకు మే, నేనుండా గదా" అనేవాడివి. ఉన్నావా?

వదిలేశాను. గడకర్రతో రాళ్లను నెట్టి, తెర ఎత్తి, చుట్టూ తిరిగి గాలికి ఎదురుగా వచ్చాను. తెర దించి, ముందు గుంజకు తాడు వేసి, కొంచెం కొంచెంగా వదులుతూ వెనక్కి జారి, రెండోది కట్టాను. పడవ మధ్యలో నిలిచింది. నవ్వులు ఆగాయి.

అప్పుడు మౌలాలి, నీ దోస్తు, ఇప్పటి అధ్యక్షుడు, పుస్తకం తెరిచి నా అక్షరాలు నాకే చూపించాడు. "శానా బాగా కడ్తివి వదినా. కానీ అన్న పెట్టిన రూలు. నేనెట్ల కొట్టేస్తా?" కళ్లలో నీళ్లు పెట్టుకున్నాడు. పగవాడైతే పోట్లాడేదాన్ని. నీ మీద ప్రేమతో నన్ను కట్టిపడేసేవాళ్లతో ఎట్లా పోట్లాడను?

రేపు సంఘం సమావేశం. ఈ ఉత్తరం అక్కడే చదువుతాను. నీకు కోపం వస్తే రానీ. సంఘానికి నా డిమాండ్లు ఇవి:

1. ఆ నిబంధన రేపే కొట్టేయాలి.
2. పడవ, చోటు నా పేరు మీద రాయాలి. 'భార్య ఆఫ్' అని కాదు, సరోజ అని.
3. పడవెక్కే ప్రతి ఆడమనిషికీ ముందు తాడు వేయడం నేర్పాలి.
4. ఓబులేశు మీద గౌరవం ఉంటే గోడకు ఫోటో పెట్టుకోండి. నాకు అడ్డం పెట్టకండి.